న్యూ నార్సియా: ఆలస్యంగా వచ్చిన మధ్యయుగం

ఐరోపా యాత్రకు వెళ్ళినవారికి మధ్యయుగపు మఠాలకు కొదువ ఉండదు. ఏ నగరంలో దిగినా ఒక పూట ప్రయాణంలో వెయ్యేళ్ళ నాటి రాతి ప్రాకారం, స్తంభాల వరండా, మధ్యలో బావి, ఒక మూలన గ్రంథాలయం కనిపిస్తాయి. ఆస్ట్రేలియాలో అటువంటి దృశ్యాన్ని ఆశించడానికి వీల్లేదు. 1788లో సిడ్నీ తీరాన తొలి ఆంగ్ల నౌకలు లంగరు వేసేనాటికి ఐరోపాలో మధ్యయుగం ముగిసి దాదాపు మూడు వందల ఏళ్ళు. అయినా పెర్త్ నుంచి ఉత్తరంగా 132 కిలోమీటర్లు వెళ్తే, గోధుమ పొలాల మధ్య, ఉన్నట్టుండి స్పెయిన్ దేశపు గంటగోపురాలు, ఆలివ్ చెట్ల వరుసలు, ఎత్తైన గోడల వెనుక ఒక బెనెడిక్టైన్ మఠం ఎదురవుతాయి. ఆ ఊరి పేరు న్యూ నార్సియా. ఆస్ట్రేలియాలో సన్యాసుల కోసం, సన్యాసుల చేత నిర్మితమైన ఊరు ఇదొక్కటే.

పెర్త్‌లో ఉండే తెలుగువారిలో చాలామందికి ఈ ఊరు రొట్టె వల్ల తెలుసు, ఆలివ్ నూనె వల్ల తెలుసు. బంధువులు వచ్చినప్పుడు ఉదయం బయలుదేరి సాయంత్రానికి తిరిగి రాగల దూరం. వెంట మనిషి ఉండి చూపించే నడక ఒకటి ఉంటుంది. తాళం వేసి ఉండే ప్రార్థనాలయాల లోపలికి ఆ నడకలోనే ప్రవేశం. భవనాలన్నీ పందొమ్మిదో శతాబ్దం నడుమ నుంచి ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల దాకా కట్టినవే. మరి దీన్ని మధ్యయుగంతో ముడిపెట్టడమెందుకు అనే ప్రశ్న న్యాయమైనదే. ఈ మఠాన్ని స్థాపించినవారికి మధ్యయుగం ఒక జ్ఞాపకం కాదు, ఒక కార్యక్రమం. పదమూడు వందల ఏళ్ళ క్రితం ఐరోపాలో జరిగిందని వారు నమ్మినదాన్ని మరొక ఖండంలో మరొకసారి జరిపించవచ్చునని వారు నిజంగానే అనుకున్నారు. ఆ నమ్మకం ఏయే పనులు చేసింది, ఎవరి బ్రతుకులను ఎలా మార్చింది అన్నదే ఈ వ్యాసవిషయం.

ముందుగా మాట గురించి ఒక మాట. మొనాస్టరీ అనే పదానికి తెలుగులో సరితూగే మాట లేదు. విహారం అంటే బౌద్ధం స్ఫురిస్తుంది. తొట్లకొండ, బావికొండల మీద వరుసగా కట్టిన చిన్న గదులు, భోజనశాల పునాదులు కళ్ళముందు మెదులుతాయి. ఆశ్రమం అంటే పర్ణశాల. మఠం అన్నప్పుడు శైవమో, అద్వైతమో, ఒక గురుపరంపరా, దాని వెంట మాన్యాలూ గుర్తుకొస్తాయి. బెనెడిక్టైన్ సంస్థకు ఈ మూడింటిలో మఠమే దగ్గరి మాట. భూమి, శిష్యులు, విద్య, అన్నదానం, రాజాశ్రయం ఐదూ అందులోనూ ఉన్నాయి. ఈ పోలిక పైపైది కాదని ముందు ముందు తెలుస్తుంది.

నార్సియా నుంచి కావా దాకా

ఇటలీ నడుమన ఉంబ్రియా కొండల్లో నార్సియా అనే చిన్న పట్టణం ఉంది. సుమారు క్రీ.శ. 480లో బెనెడిక్ట్ అక్కడ పుట్టాడని సంప్రదాయం. రోమన్ సామ్రాజ్యపు పడమటి సగం కూలిపోయిన కాలమది. మోంటె కస్సీనో కొండ మీద మఠం స్థాపించి, సన్యాసులు ఎలా బ్రతకాలో చెప్పే నియమావళిని 73 అధ్యాయాలలో ఆయన రాశాడు. మానవుల బలహీనతలను బాగా ఎరిగినవాడు రాసిన పుస్తకమది: ఎంత తినాలి, ఎంత నిద్రపోవాలి, వృద్ధులకూ రోగులకూ ఏ మినహాయింపులు ఇవ్వాలి, అతిథి వస్తే ఎలా ఆదరించాలి అన్న సంగతులకు అందులో పెద్ద చోటే ఉంది. రోజంతా నియమిత వేళలలో ప్రార్థన, మధ్యలో చేతిపని, చదువు. అన్నిటికంటె ముఖ్యమైన ప్రమాణం స్థిరనివాసం. చేరిన మఠంలోనే చనిపోయేదాకా ఉండాలి. మన బౌద్ధ భిక్షువు వానాకాలం మూడు నెలలు మాత్రమే ఒకచోట నిలిచేవాడు, తక్కిన కాలం సంచారి. విహారాలు శాశ్వత నివాసాలు కావడం తర్వాతి పరిణామం. బెనెడిక్ట్ మొదటినుంచే సంచారాన్ని దోషంగా ఎంచాడు. ఈ తేడాను గుర్తుంచుకోవాలి. ఆస్ట్రేలియాలో దీని పర్యవసానాలు చాలా దూరం పోయాయి.

తరువాతి శతాబ్దాలలో ఈ మఠాలు అడవులు నరికాయి, చిత్తడి నేలలను ఎండగట్టాయి, ద్రాక్ష తోటలు వేశాయి, గ్రంథాలకు ప్రతులు రాశాయి. వాటి చుట్టూ ఊళ్ళు పుట్టాయి. సంచార జాతులను నాగలి, శిలువ, పుస్తకం కలిసి స్థిర సమాజాలుగా మలిచాయనేది పందొమ్మిదో శతాబ్దపు కాథలిక్ చరిత్రకారులకు చాలా ప్రీతిపాత్రమైన కథనం. అందులో కొంత నిజం, కొంత స్వోత్కర్ష.

రొసెండో సాల్వాదో ఆ కథనంలో పెరిగినవాడు. 1814 మార్చి 1న స్పెయిన్ వాయవ్య మూలన గలీసియా ప్రాంతంలో, తుయ్ అనే పట్టణంలో జన్మించాడు. పదిహేనేళ్ళ వయసులో సాంతియాగోలోని సాన్ మార్తీన్ పినారియో మఠంలో చేరాడు. ఆ మఠం మూలాలు పదో శతాబ్దానివి. సంగీతంలో అసాధారణ ప్రతిభ ఉన్నవాడు గనుక ఆర్గన్ విద్య నేర్పించారు. 1835లో మెందిసాబల్ ప్రభుత్వం స్పెయిన్‌లోని మఠాలను మూసివేయించి, వాటి ఆస్తులను వేలానికి పెట్టింది. ఇరవయ్యొక్క ఏళ్ళ సన్యాసికి ఉండటానికి మఠం లేకుండా పోయింది. చివరకు ఆయనా, సహచరుడు హోసే సెర్రా కూడా నేపుల్స్ దగ్గరి కావా మఠానికి చేరారు. అది 1011లో వెలసిన మఠం. అంటే న్యూ నార్సియా నిర్మాతలిద్దరూ వచ్చినది అసలైన మధ్యయుగపు గోడల నడుమ నుంచే. అందులో ఒకదాని నుంచి రాజ్యం గెంటేయగా వచ్చినవారు. ఐరోపాలో తమ కాలం చెల్లిపోతున్నదని కళ్ళారా చూసినవారు కొత్త నేల వెతుక్కోవడంలో ఆశ్చర్యం లేదు.

1845 సెప్టెంబరులో ఇంగ్లండు నుంచి బయలుదేరిన ఇసబెల్లా నౌక 1846 జనవరి మొదట్లో ఫ్రీమాంటిల్ చేరింది. అప్పటికి స్వాన్ నది వలసకు వయసు పదిహేడేళ్ళు. ఫిబ్రవరిలో సాల్వాదో, సెర్రా, మరిద్దరు యువకులు ఉత్తరాన అడవిలోకి నడిచారు. అక్కడ నివసించేవారు నూంగార్ జనులలో యూఎడ్ శాఖవారు. మొదట సాల్వాదో ఆలోచన వారితోపాటే తిరుగుతూ ఉండాలని. కొంతకాలం అలాగే తిరిగాడు కూడా. తిండి చాలలేదు, బట్టలు చినిగాయి. మే నెలలో ఆయన పెర్త్‌కు నడిచి వచ్చి ఒక పియానో కచేరీ చేశాడు. గవర్నరు హాలు ఇచ్చాడు, కన్యాస్త్రీలు పియానో అరువిచ్చారు, ప్రొటెస్టెంట్లూ ఒక యూదు పెద్దమనిషీ ఏర్పాట్లలో సాయపడ్డారు. మాసికల మీద మాసికలు వేసిన అంగీతో, పాడైపోయిన చెప్పులతో సన్యాసి వేదిక ఎక్కాడు. సుమారు 70 పౌండ్లు వచ్చాయి. ఆ డబ్బుతో ఎద్దులు, విత్తనాలు, నాగలి కొని అడవికి తిరిగి వెళ్ళాడు. ఇప్పటికీ నడక చూపించేవారు ఈ కథను తప్పక చెబుతారు. ఎన్నిసార్లు విన్నా బాగుండే కథే. కాని ఆ కచేరీతో ముగిసినది ఒకటుంది: నూంగార్లతో కలిసి సంచరించాలన్న ఆలోచన. నాగలి కొన్న మరుక్షణం బెనెడిక్ట్ నియమావళి గెలిచింది. ఇక నూంగార్లే వచ్చి ఒకచోట నిలవాలి.

1847 మార్చి 1న, సరిగ్గా సాల్వాదో ముప్పై మూడో పుట్టినరోజున, మఠానికి పునాది పడింది. మన ధవళేశ్వరంలో గోదావరి ఆనకట్ట పని మొదలైనదీ ఆ ఏడాదే. రెండు పనుల వెనకా ఒకే విశ్వాసం పనిచేసింది: నేలను సరిదిద్దితే మనుషులు బాగుపడతారని.

మల్కాపురం శాసనం పక్కన

ఇక్కడ కాసేపు కృష్ణా తీరానికి వెళ్ళిరావాలి. గుంటూరు జిల్లా మల్కాపురంలో 1261 నాటి ఒక రాతి శాసనం ఉంది. కాకతీయ గణపతిదేవుడు తన గురువైన విశ్వేశ్వర శంభువుకు మందడం గ్రామాన్ని ఇచ్చాడు. ఆయన కుమార్తె రుద్రమదేవి వెలగపూడిని కూడా చేర్చి ధారపోసింది. ఈనాడు రాష్ట్ర సచివాలయం ఉన్న వెలగపూడి అదే. ఆ విశ్వేశ్వరుడు తెలుగువాడు కాడు. గౌడదేశంలో పుట్టి, డాహల దేశంలో, అంటే నేటి జబల్పూరు ప్రాంతంలో వెలసిన గోళకీ మఠ పరంపరకు చెందిన శైవాచార్యుడు. ఆయన ఈ రెండు గ్రామాల ఆదాయంతో ఆలయం, మఠం, అన్నసత్రం, విద్యాలయం, ఆరోగ్యశాల, ప్రసూతిశాల ఏర్పరచాడు. వేదాలకు, వ్యాకరణ తర్క సాహిత్యాలకు, ఆగమాలకు వేర్వేరు ఉపాధ్యాయులు. ఒక వైద్యుడు, ఒక లెక్కల కాయస్థుడు. వంటవారు, నర్తకులు, గ్రామరక్షకులు. ఎవరికి ఎంత భూమి అన్నది సైతం శాసనం చెబుతుంది. సత్రంలో బ్రాహ్మణుని మొదలుకొని చండాలుని వరకు అందరికీ అన్నం పెట్టాలని ఆజ్ఞ.

న్యూ నార్సియా ఆవరణలో నిలబడినప్పుడు నాకు తరచు ఈ శాసనమే స్ఫురిస్తుంది. దూరదేశపు సన్యాసి, పాలకుడిచ్చిన భూమి, ఆ భూమి మీద బడి, వైద్యం, అన్నం, సంగీతం. రెండింటికీ మూలసూత్రం ఒకటే: సన్యాసి సొంతానికి ఏమీ లేనివాడు, మఠం మాత్రం పెద్ద భూస్వామి. బెనెడిక్టైన్లకు ఇది పదో శతాబ్దంలో ఎంత నిజమో గోళకీ మఠానికి పదమూడో శతాబ్దంలో అంతే నిజం.

అయితే పోలిక ఒకచోట ఆగుతుంది. మందడం, వెలగపూడి రైతులు 1261కి ముందూ దున్నుతూనే ఉన్నారు, తర్వాతా దున్నుతూనే ఉన్నారు. శిస్తు చేరే చేయి మారింది, అంతే. వారి మతం, భాష, పిల్లల పెంపకం విశ్వేశ్వరుడి పథకంలో మార్చవలసిన వస్తువులు కావు. మూర్ నది ఒడ్డున సంగతి వేరు. అక్కడ మారవలసింది జీవనవిధానమంతా.

ఎవరిదీ కాని నేల, ఎవరికీ చెందని మఠం

నూంగార్లు ఏడాదిని ఆరు ఋతువులుగా విభజించుకున్నారు: బిరాక్, బునురు, జెరన్, మకురు, జిల్బ, కంబరంగ్. వసంతం మొదలు శిశిరం దాకా ఆరింటిని లెక్కించే తెలుగువారికి ఇది వింత కాదు. బడిలో నాలుగే నేర్చుకున్న ఆంగ్లేయ వలసదారుకు మాత్రం ఈ నేలలో ఋతువులే సరిగా లేవనిపించింది. ఏ ఋతువులో ఏ దుంప తవ్వాలి, ఎప్పుడు గడ్డికి నిప్పు పెడితే కంగారూలు లేత చిగుళ్ళకు వస్తాయి, ఏ నీటిగుంట ఏ కుటుంబానిది అన్న ఎరుక ఆ క్రమంలో ఇమిడి ఉంది. అది వ్యవసాయంలా కనిపించదు గనుక వ్యవసాయం కాదనుకున్నారు. స్వాన్ నది వలస ప్రభుత్వం ఆ భూములను రాజు సొత్తుగా భావించి పంచిపెట్టింది. ఈ దృష్టికి న్యాయశాస్త్రంలో స్థిరపడిన లాటిన్ పేరు టెర్రా నుల్లియస్, ఎవరిదీ కాని నేల. 1992లో మాబో తీర్పు వచ్చేదాకా ఆస్ట్రేలియా న్యాయస్థానాలు దాన్ని త్రోసిపుచ్చలేదు.

విచిత్రమేమంటే న్యూ నార్సియా బిరుదులోనూ ఆ మాటే ఉంది. 1867లో పోప్ ఈ మఠాన్ని అబ్బే నుల్లియస్ హోదాకు పెంచాడు. అంటే ఏ బిషప్ అధికారానికీ లోబడని, ఎవరికీ చెందని మఠం. సాల్వాదో జీవితాంతం దానికి అధిపతి. మధ్యయుగంలో పెద్ద మఠాలు పోరాడి సంపాదించుకున్న స్వయంప్రతిపత్తి అది. మొదటి నుల్లియస్ లేనిదే రెండోది సాధ్యం కాదన్న సంగతి రోమ్‌లో ఎవరికీ తట్టినట్టు లేదు. లాటిన్ తెలిసిన నూంగార్ ఒకడుంటే నవ్వి ఉండేవాడు.

నిజానికి లాటిన్ నేర్చుకోవడానికి వెళ్ళిన నూంగార్లు ఉన్నారు. 1849లో సాల్వాదో ఐరోపా వెళ్తూ ఇద్దరు బాలురను వెంట తీసుకువెళ్ళాడు: కొనాచి, దిరిమెర. వారిని నేపుల్స్ రాజుకు చూపించారు. అప్పుడు రోమ్ విడిచి ప్రవాసంలో ఉన్న పోప్ తొమ్మిదో పయస్ స్వయంగా వారికి సన్యాస వస్త్రాలు తొడిగాడు. కావా మఠంలో చదువుకు పెట్టారు. కొనాచి 1853లో రోమ్‌లో మరణించాడు. దిరిమెర జబ్బుతో ఇంటికి తిరిగివచ్చి 1855లో కన్నుమూశాడు. ఆస్ట్రేలియా ఆదివాసులలో తొలి బెనెడిక్టైన్ సన్యాసులు కావలసిన ఇద్దరూ చిన్నవయసులోనే వెళ్ళిపోయారు. ఈ రెండు పేర్లను చదివినప్పుడు నాకు పియానో కచేరీ కథ అంత హాయిగా వినబడదు.

సాల్వాదోను ఆ కాలపు వలసదారులతో కలిపి ఒకే గాటన కట్టడం మాత్రం అన్యాయమవుతుంది. ఆదివాసులు అంతరించిపోక తప్పని జాతి అని పెర్త్ మర్యాదస్తులు తేలిగ్గా అనేస్తున్న రోజుల్లో, వారి బుద్ధిశక్తి ఎవరికీ తీసిపోదని ఆయన రాశాడు. 1851లో రోమ్‌లో ఇటాలియన్ భాషలో అచ్చయిన ఆయన జ్ఞాపకాల గ్రంథంలో యూఎడ్ జనుల ఆచారాలు, బంధుత్వాలు, పదసంపద నమోదయ్యాయి. మఠం పక్కనే దంపతుల కోసం చిన్న ఇళ్ళు కట్టించాడు, కూలి చెల్లించాడు, వేటకు వెళ్ళేవారిని వెళ్ళనిచ్చాడు. 1870లలో టెలిగ్రాఫ్ తీగ వచ్చినప్పుడు మేరీ ఎలెన్ క్యూపర్ అనే నూంగార్ మహిళ ఆ కార్యాలయ నిర్వాహకురాలు అయింది. 1879 ప్రాంతంలో ఏర్పడిన న్యూ నార్సియా నూంగార్ క్రికెట్ జట్టు పెర్త్ దాకా నడిచి వెళ్ళి నగర జట్లను ఓడించింది. వారికి అజేయులు అని పేరు. క్రికెట్ అంటే చెవి కోసుకునే మనవారు ఆ జట్టు ఫొటో ముందు ఎక్కువసేపు నిలబడతారు. నిలబడటం మంచిదే.

ఫ్లారెన్స్ నైటింగేల్‌కూ ఈ ఊరితో సంబంధం ఉంది. 1860లలో వలస రాజ్యాల బడులలో, ఆసుపత్రులలో ఆదివాసులు ఎందుకు చనిపోతున్నారో లెక్కలు సేకరిస్తూ ఆమె సాల్వాదో నివేదికను ప్రత్యేకంగా శ్రద్ధతో చదివింది. ఆరుబయట బ్రతికినవారిని ఉన్నట్టుండి నాలుగు గోడల మధ్య కూర్చోబెడితే జబ్బుపడతారని ఇద్దరూ గ్రహించారు. తట్టు వంటి అంటువ్యాధులు వచ్చినప్పుడల్లా మఠం శ్మశానం పెరిగింది. స్థిరనివాసమే మోక్షమార్గమని నమ్మిన మనిషి, స్థిరనివాసం చంపుతున్నదని లెక్కలు కట్టవలసి రావడం అతని జీవితంలోని అసలైన విషాదం. ఆయన 1900 డిసెంబరులో రోమ్‌లో మరణించాడు. కొన్నేళ్ళకు అస్థికలను తెచ్చి మఠ దేవాలయంలో సమాధి చేశారు.

1905 తరువాత

రెండో మఠాధిపతి ఫుల్జెంటియస్ తొర్రెస్ కతలాన్. నిర్మాణంలో నేర్పరి. నేడు పర్యాటకుడి కంటికి ఆనే వైభవమంతా దాదాపు ఆయన చలవే. 1908లో బాలికల కోసం సెయింట్ గెర్ట్రూడ్స్, 1913లో బాలుర కోసం సెయింట్ ఇల్డిఫొన్సస్ వసతి పాఠశాలలు తెరుచుకున్నాయి. గోథిక్ కిటికీలు, గుండ్రని గోపురాలు, నగిషీ పనులు చేసిన ప్రార్థనాలయాలు. ఇవి తెల్ల రైతుల, వర్తకుల పిల్లల కోసం కట్టినవి. నూంగార్ల కోసం వెలసిన ఊరు అరవై ఏళ్ళు దాటేసరికి వలసదారుల విద్యాకేంద్రంగా ముఖం మార్చుకుంది. నూంగార్ బాలబాలికలకు పాత పద్ధతిలోనే సెయింట్ మేరీస్, సెయింట్ జోసెఫ్స్ అనాథాశ్రమాలు మిగిలాయి. రోడ్డుకు ఒక పక్క కళాశాల, మరో పక్క అనాథాశ్రమం. పిల్లల వయసు ఒకటే, ప్రార్థన ఒకటే, రొట్టె కాల్చిన పొయ్యి బహుశా ఒకటే.

అనాథాశ్రమం అన్న మాటకు ఇక్కడ గట్టి వివరణ అవసరం. 1905లో పశ్చిమ ఆస్ట్రేలియా శాసనసభ ఆదివాసుల చట్టం చేసింది. దాని ప్రకారం ప్రతి ఆదివాసి బాలుడికీ బాలికకూ, మిశ్రమ సంతానానికీ, పదహారేళ్ళు వచ్చేదాకా చట్టబద్ధ సంరక్షకుడు తల్లిదండ్రులు కాదు. ప్రధాన సంరక్షకాధికారి అనే ప్రభుత్వోద్యోగి. ఆయన సంతకంతో పిల్లలను ఎత్తుకుపోవచ్చు. 1915 నుంచి ఆ పదవిలో దీర్ఘకాలం ఉన్న ఆబర్ నెవిల్ పేరు నూంగార్ కుటుంబాలలో ఇప్పటికీ భయంతో పలుకుతారు. కనుక న్యూ నార్సియాలోని అనాథలలో చాలామందికి తల్లీ తండ్రీ సజీవంగా ఉన్నారు. కొందరు మఠం పొలాలలోనే పనిచేస్తున్నారు. తీగె కంచెకు ఇవతల తల్లి, అవతల బిడ్డ.

తెలుగునాట కూడా అదే కాలంలో గుంటూరులో లూథరన్లు, నెల్లూరులో బాప్టిస్టులు వసతి పాఠశాలలు నడిపారు. దళిత పిల్లలు అక్కడ అక్షరాలు నేర్చి, ఆ అక్షరాలతో ఊరి కట్టుబాట్లను ఎదిరించారు. మత ప్రచారం రెండుచోట్లా ఉంది, కుటుంబంతో ఎడబాటు కొంతమేర రెండుచోట్లా ఉంది. కాని గుంటూరులో పిల్లవాణ్ణి బడిలో చేర్చినది తండ్రి. తీసుకుపోదలచుకుంటే తీసుకుపోగలిగినదీ తండ్రే. ఈ ఒక్క తేడా సర్వస్వమని నా అభిప్రాయం. మిషనరీల గుణగణాల చర్చ ఎంతకాలమైనా సాగుతుంది. తలుపుకు తాళం వేసినది చట్టం. మఠం ఆ తాళపుచెవిని అందుకుంది, అందుకోవడం సత్కార్యమే అనుకుంది.

1970ల నడుమ ఆ రెండు ఆశ్రమాలూ మూతపడ్డాయి. 1997లో వెలువడిన జాతీయ విచారణ నివేదికతో ఇలా అపహృతమైన తరాల సంగతి దేశమంతా విన్నది. 2008 ఫిబ్రవరి 13న ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు. న్యూ నార్సియాకు మరొక లెక్క మిగిలి ఉంది. బాలలపై లైంగిక అత్యాచారాలను విచారించిన రాయల్ కమిషన్ 2017లో కాథలిక్ సంస్థల అంకెలు బయటపెట్టింది. 1950 నుంచి 2010 వరకు ఈ మఠంలోని పురోహిత సన్యాసులలో 21.5 శాతం మందిపై ఆరోపణలు నమోదయ్యాయి. పురోహితులున్న కాథలిక్ సంస్థలన్నిటిలోకీ ఇది ఎంతో ఎక్కువ. నాటి మఠాధిపతి కమిషన్ ఎదుట హాజరై క్షమాపణ కోరాడు. అతిథిని దైవంగా భావించి ఆదరించమన్న నియమావళిని రోజూ భోజనవేళ చదువుకున్న గోడల మధ్య ఇది జరిగింది.

నడకలో కనిపించేవి

ఇంత తెలిసి వెళ్ళినవారికి ఆ ఒక్క రోజు యాత్ర ఎలా ఉంటుంది? మఠ దేవాలయం చిన్నది, నిరాడంబరమైనది. 1923లో జర్మనీ నుంచి వచ్చిన ఆర్గన్ ఆ గదికి మించిన పరిమాణంలో ఉంటుంది. ఆ రోజుల్లో ఇక్కడ స్టీఫెన్ మొరెనో అనే సన్యాసి స్వరకర్త ఉండేవాడు. కళాశాలల ప్రార్థనాలయాలలో ఇప్పుడు పిల్లలు లేరు. గైడు తాళం తీసి చూపించి మళ్ళీ వేస్తారు. పిండిమరలు, పాత పొయ్యి, కమ్మరి కొట్టం ఉన్నాయి. రాత్రి బసకు వచ్చిన కళాశాల తల్లిదండ్రుల కోసం 1927లో రెండంతస్తుల భవంతి కట్టారు. తర్వాత అదే హోటలైంది. మఠం లోపలి ఆవరణలోకి పర్యాటకులకు ప్రవేశం లేదు, ఉండకూడదు కూడా. ఒకప్పుడు డెబ్బై మంది దాకా ఉన్న సన్యాసులు ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినంత మంది. ఊరికి దక్షిణాన ఐరోపా అంతరిక్ష సంస్థ 2003లో ప్రారంభించిన 35 మీటర్ల యాంటెనా అంగారకుడి దాకా పోయిన నౌకలతో మాట్లాడుతూ ఉంటుంది. ప్రార్థన గంట, ఆ యాంటెనా ఒకే గాలిలో ఉండటం చూసి పిల్లలు సంబరపడతారు.

చిత్రశాలలో పదహారు, పదిహేడో శతాబ్దాల శైలి ధార్మిక చిత్రాలు ఉన్నాయి. 1986లో దొంగలు వాటిలో కొన్నిటిని చట్రాల నుంచి కోసి ఎత్తుకుపోతే చాలావరకు తిరిగి దొరికాయి. ఈ కథ కూడా నడకలో సరదాగా వినిపిస్తుంది. వినేవారు గమనించవలసింది ఆ చిత్రాలున్న భవనాన్ని: అది ఒకనాటి సెయింట్ జోసెఫ్స్ బాలికల ఆశ్రమం. మేడ మీద వారు పడుకున్నారు, కింద బట్టలు ఉతికారు, కుట్టారు. చిత్రపటాలను చూస్తూ గబగబ నడిచిపోతే ఆ సంగతి తెలియకుండానే బయటికి రావచ్చు. మునుపు నడకలలో సాల్వాదో గాథ, వాస్తుకళ మాత్రమే ఉండేవని అంటారు. ఇప్పుడు ఆశ్రమాల చరిత్రకూ చోటుంది. ఎంత చోటు అన్నది ఆనాటి గైడును బట్టి, గుంపులోని మనుషుల ప్రశ్నలను బట్టి మారుతుంది. కాబట్టి అడగాలి.

శ్మశానంలో సన్యాసులకు ఒకే తీరు ఇనుప శిలువలు, పేర్లు, తేదీలు. ఆ పక్కన పేరు లేని నూంగార్ సమాధులున్నాయి. కట్టిన చేతులెవరివో మనకు గుర్తులేని మన గుడులను తలచుకుని నిట్టూర్చడం తెలుగువారికి అలవాటే. ఇక్కడ నిట్టూర్పుకు మించిన వసతి ఒకటి ఉంది, అది కాగితం.

బెనెడిక్టైన్లకు రాసిపెట్టడం రోగంలాంటిది. బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, చావులు, కూలి లెక్కలు, ఉత్తరాలు, దినచర్యలు, గొర్రెల జాబితాలు, ఏదీ పారేయలేదు. స్పానిష్, ఇటాలియన్, లాటిన్ భాషలలో ఉన్న ఆ రాశి మఠం పత్రాగారంలో భద్రంగా ఉంది. 1993 నుంచి న్యూ నార్సియా స్టడీస్ అనే వార్షిక పత్రిక దాని మీద పరిశోధనలు ప్రచురిస్తూ వచ్చింది. సాల్వాదో ఒక బిడ్డకు క్రైస్తవ నామం పెట్టినప్పుడు తల్లి పేరు, తండ్రి పేరు, కొన్నిసార్లు వారి నేల పేరు నూంగార్ భాషలో తన చెవికి వినబడినట్టు రాసుకున్నాడు. స్పానిష్ చెవి గనుక అచ్చులు స్పష్టంగా పట్టుకుంది. ఆంగ్లేయుల వర్ణక్రమంలో నలిగిపోయిన మాటలు ఇక్కడ కొంత నిలిచాయి. ఆత్మలను లెక్కించడానికి రాసిన పుస్తకాలవి.

వంద ఏళ్ళ తర్వాత వాటికి మరొక పాఠకులు వచ్చారు. భూమి మీద తమ హక్కును న్యాయస్థానంలో నిరూపించుకోవడానికి, వలసకు ముందు నుంచీ తమ పూర్వీకులు అక్కడే ఉన్నారని చూపవలసి వచ్చింది. 2021లో అమలులోకి వచ్చిన నైరుతి ప్రాంత నూంగార్ ఒడంబడికలు ఆరు. అందులో ఒకటి యూఎడ్‌లది. ఇప్పటికీ యూఎడ్ కుటుంబాలు ఆ పత్రాగారానికి వస్తాయి. నాయనమ్మను ఏ ఏడాది తీసుకువచ్చారు, ఆమె తల్లి పేరేమిటి, ఆ పేరుకు ముందు ఏ పేరు ఉండేది అని అడుగుతారు. పత్రాగారంలోనివారు చేతిరాత పుస్తకం తెరిచి, వేలితో వరుస వెంబడి చూపిస్తారు.